ఆరో బిళ్ళ

ఒకరి తప్పును ఇంకొకరు తమ మీద వేసుకుంటే ఆ తప్పు తీరిపోయినట్టేనా అన్న అనుమానం స్వర్ణకుమారిని పద్నాలుగేళ్ళుగా వదల్లేదు. తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం వినే మాట అదే. మన భారం ఆయన మోశాడు, మనం విడుదల పొందాం. ఆ మాటను ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. ప్రభువు విషయంలో ఆమెకు ఏ అనుమానమూ లేదు. టూల్‌రూమ్ తవిటయ్య విషయంలోనే ఉంది.

ఒకసారి పేర్లు చెప్పకుండా పాస్టరు గారిని అడిగింది. ఆయన, మోసినవాడి పట్ల కృతజ్ఞత కలిగి ఉండమ్మా అన్నాడు. కృతజ్ఞతగానే ఉంది. ఏటేటా క్రిస్మస్‌కి ఝపటాపూర్‌లోని తవిటయ్య ఇంటికి కేకు, అరిసెలు తీసుకెళ్తూనే ఉంది. అయినా రైల్వే వర్క్‌షాప్ టూల్‌రూమ్ గోడ మీద, నూట పన్నెండో మేకుకి, ఆయన ఇత్తడి బిళ్ళ ఇంకా వేలాడుతూనే ఉంది.

సోమవారం పొద్దున్న వానలో తడిసిన గొడుగును వరండాలో ఆరబెట్టి, గుమ్మం బయట చెప్పులు విడిచి, ఆమె వర్క్‌షాప్ కంప్యూటర్ సెక్షన్‌లోకి వచ్చింది. తన టెర్మినల్ తెరను చీర కొంగుతో కాకుండా, దానికోసమే దాచుకున్న పాత నూలు గుడ్డతో తుడిచింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని పాస్‌వర్డ్ కొట్టింది. పచ్చటి అక్షరాలు వరుసగా వచ్చి నిలబడ్డాయి.

ఆ సెక్షన్‌లో అందరికీ కలిపి ఒకటే పెద్ద యంత్రం. దానిలో పనిచేసే ఒక్కొక్కరికి ఒక్కో చోటు కేటాయించి ఉంటుంది. దాన్ని హోమ్ డైరెక్టరీ అంటారు. చాలామంది డైరెక్టరీలు పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన ఇంటిలా ఉంటాయి. ‘కొత్త’, ‘కొత్త2’, ‘అసలు కొత్త’ అని పేర్లు పెట్టిన ఫైళ్ళు ఎక్కడ పడితే అక్కడ పడి ఉంటాయి. స్వర్ణకుమారిది అలా కాదు. లోపలికి వెళ్ళగానే మూడే మూడు అరలు. ఒక దానిలో తేదీలకు సంబంధించినవి, రెండో దానిలో బోగీల నంబర్లకు, కొలతలకు సంబంధించినవి, మూడో దానిలో కాగితం మీద అచ్చు వేసే పనికి సంబంధించినవి. మొత్తం నలభై ఒక్క మాడ్యూళ్ళు. ఒక్కొక్క మాడ్యూల్ ఒక్క పని మాత్రమే చేస్తుంది. ఒకటి రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెడుతుంది. ఒకటి బోగీ నంబరులో అంకె తప్పితే పట్టుకుంటుంది. పెద్ద ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆ పని మళ్ళీ మొదటినుంచి చేసుకోనక్కర్లేకుండా, ఆమె అరలో ఉన్న మాడ్యూల్‌ని పేరు పెట్టి పిలుచుకుంటే చాలు.

ప్రతి ఫైలు నెత్తిన ఆమె కొన్ని వరుసలు రాసేది. ఇది ఏ పని చేస్తుంది, దీనికి ఏమివ్వాలి, ఏం తిరిగిస్తుంది. వాటి కింద, దీన్ని ఎవరు, ఏ ప్రోగ్రాములో, ఏ రోజునుంచి వాడుతున్నారు. యంత్రానికి ఆ వరుసలతో పనిలేదు, చదవకుండా దాటేస్తుంది. చదవాల్సినవాళ్ళు మనుషులు. ఎవరైనా ఆమె మాడ్యూల్ వాడుకోవాలంటే వచ్చి చెప్పాలి, ఆమె వాళ్ళ పేరు ఎక్కించాలి. వాడటం మానేసిన రోజున వచ్చి చెప్తే పేరు తీసేస్తుంది. మాడ్యూల్‌లో ఒక్క అక్షరం మార్చాలన్నా, ముందు ఆ పేర్లున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పి వచ్చేది.

“మా అక్క దగ్గర అప్పడాల కర్ర అడిగినా బిళ్ళ తగిలించాల్సిందే,” అనేవాడు కృపారావు. పక్క టెర్మినల్ అతనిది. డిప్లొమా చదివి వచ్చినవాడు, చురుకైనవాడు, నోరు ఊరుకోదు.

అతను వేళాకోళానికి అన్నా అది నిజమే. పద్ధతి టూల్‌రూమ్‌దే. అక్కడ ప్రతి కార్మికుడికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఆరు ఇస్తారు. పనిముట్టు తీసుకుంటే దాని మేకుకి తన బిళ్ళ తగిలించి పోవాలి, తిరిగిచ్చి బిళ్ళ తీసుకోవాలి. గోడ చూస్తే చాలు, ఏది ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. తండ్రి పోయాక ఇచ్చిన ఉద్యోగంలో స్వర్ణకుమారిని మొదట వేసింది ఆ టూల్‌రూమ్‌లోనే. రెండో వారంలోనే, షిఫ్టు మారే తొందరలో, స్క్రూల పళ్ళు కొలిచే గేజి ఒకటి బిళ్ళ పుచ్చుకోకుండా ఎవరికో ఇచ్చేసింది. ఆ గేజి తిరిగి రాలేదు. మర్నాడు సూపర్‌వైజరు తనిఖీకి వచ్చేసరికి ఖాళీ మేకుకి తవిటయ్య తన బిళ్ళ తగిలించి ఉన్నాడు. నా దగ్గరే పోయింది బాబూ అన్నాడు. ఇరవై ఏడేళ్ళు ఒక్క పనిముట్టు పోనివ్వలేదని చెప్పుకునే మనిషి. ఆమె నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దన్నాడు. ఆయన రిటైరైన రోజున ఆరు బిళ్ళలూ అప్పగించాలి కాబట్టి అయిదు అప్పగించి, ఆరోది గోడ మీదుంది చూసుకోండి అంటే అందరూ నవ్వారు. పూలదండ పట్టుకుని నిలబడ్డ స్వర్ణకుమారి కూడా నవ్వింది.

పదకొండింటికి కొత్త ఇన్‌చార్జి మైతీ బాబు అందరినీ పిలిచాడు. మేదినీపూర్ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, చెప్పింది రెండోసారి చెప్పడు. యంత్రంలో చోటు దాదాపు నిండిపోయిందని, శుక్రవారానికల్లా ఎవరి డైరెక్టరీలో సొంతవి వాళ్ళు తుడిచేయాలని, పనికొచ్చేవి ఒక ఉమ్మడి డైరెక్టరీలో పెట్టాలని చెప్పాడు. స్వర్ణకుమారి మాడ్యూళ్ళు కలిపే పని కృపారావుకి అప్పగించాడు. ఆమె ఏదో అడగబోయింది. మైతీ బాబు ఆమె వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు.

“దీదీ, పందొమ్మిది ప్రోగ్రాములు మీ డైరెక్టరీ మీద ఆధారపడి నడుస్తున్నాయి. రేపు మీరు సెలవు పెడితే సెక్షనంతా మీ ఇంటి తాళంచెవి వెతుక్కోవాలా?”

పందొమ్మిది అన్న మాట ఆమెకు ముందు గర్వంగా వినబడింది. తాళంచెవి అన్నమాట తరువాత వినబడింది. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉందని ఆమెకు తెలుసు. ఉమ్మడి చోటికి పోవడం తప్పు కాదు. కాని ఎలా పోతాయి, ఎవరి చేతుల మీదుగా పోతాయి?

ఆ సాయంత్రం ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతూ సంగతంతా భర్తకు చెప్పింది. ఆర్థర్ అదే వర్క్‌షాప్‌లో బోగీలు ఎత్తే విభాగంలో, అంటే షాపులో, ఫిట్టరు. క్రేను గొలుసులు బోగీని గాలిలోకి లేపి పట్టుకుంటే, దాని కింద దూరి చక్రాల చట్రం విప్పే పని అతనిది. గోళ్ళలో గ్రీజు కిరసనాయిలుతో తోముకుంటూ విన్నాడు.

“అవి నావి, అలాగే ఉంచండి అని అడగలేకపోయినావా?” అన్నాడు.

“నావని ఏ నోటితో సెప్పమంటావు? రాసింది నేనే గాని పద్ధతి తవిటయ్య బాబాయిది.”

“ఆయనకి కంప్యూటరంటే ఏటో తెలుసేటి?”

“తెలవదు. మేకు తెలుసు.”

ఆర్థర్ చేతులు కడుక్కుని లేచాడు. ప్రార్థనలో ఆమె ఆ రాత్రి తన గర్వాన్ని క్షమించమని అడిగింది. అడుగుతూనే, చేతి పని చక్కగా ఉన్నందుకు మనిషి సంతోషపడితే అది పాపమా అని కూడా అడిగింది. రెంటికీ జవాబు కోసం ఎదురుచూడకుండా దీపం తగ్గించింది.

మంగళవారం, బుధవారం కృపారావు మాడ్యూళ్ళ పని పట్టాడు. చోటు ఆదా చేయాలన్నది ఆజ్ఞ. ఫైళ్ళ నెత్తినున్న వరుసలన్నీ కలిపితే ప్రోగ్రాములకన్నా పొడుగున్నాయి. యంత్రానికి పనికిరాని వరుసలన్నీ తీసేశాడు. నలభై ఒక్క ఫైళ్ళు కలిపి ఒకే పెద్ద ఫైలు చేశాడు. స్వర్ణకుమారి వెనకనుంచి చూస్తూ నిలబడింది.

“ఆ పేర్లు ఒగ్గేయ్ కృపారావూ, అవి తీసేస్తే ఏది ఎవరు వాడతన్నారో తెలవదు,” అంది.

“అక్కా, నువ్వు ఒక్కొక్క పనిముట్టు మీద చుట్టాల జాబితా రాసినావు. శుభలేఖలకి తప్ప ఇంకెందుకూ పనికిరాదది,” అన్నాడు. అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. “నాకు మాత్రం ఇష్టమేటి? సారు రోజుకి రెండుసార్లు వచ్చి ఎంత చోటు మిగిలిందని అడుగుతున్నాడు.”

గురువారం సాయంత్రానికి పని పూర్తయింది. కృపారావు ఆమెను పిలిచి, తుడిచేసే కమాండు మాట నువ్వే కొట్టు అక్కా, నా చేత్తో వద్దు అన్నాడు. ఆమె కూర్చుంది. మూడు అరలనూ ఒక్కసారి పైనుంచి కిందకి చదువుకుంది. తరువాత ఒక్కొక్క అర పేరూ విడివిడిగా కొట్టి, విడివిడిగా తుడిచింది. ఒక్క మాటతో మూడూ పోయే దారి ఆమెకు తెలుసు. అలా చేయబుద్ధి కాలేదు. అంతా అయ్యాక తన డైరెక్టరీలో ఏమున్నాయని అడిగితే యంత్రం ఒక్క పేరూ చూపించకుండా, తరువాతి మాట కొట్టమన్నట్టు ఖాళీ తెరతో నిలబడింది. వారంవారం ఫ్లాపీల మీద తీసుకునే నకలు మాత్రం ఆమె సొరుగులో, బైబిలు పక్కన ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే ప్రింటరు గరగరలాడుతూ జాబితాలు కక్కుతోంది. అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితాన్ని మడతల దగ్గర చించి, ఏ షాపుకి వెళ్ళేది ఆ షాపు గూట్లో పెట్టడం స్వర్ణకుమారి వంతు. బోగీలు ఎత్తే షాపుకి వెళ్ళే జాబితా చిన్నది. క్రేను గొలుసుల్లో ఈ నెల బలం పరీక్ష చేయాల్సినవి ఏవి, ఏ తేదీకి అన్నది ఉంటుంది. ఆమె మడతపెట్టబోయి ఆగింది. తేదీల గడి చదవలేదు, చూసిందంతే. ముప్పై, ముప్పై, ముప్పై. పైనుంచి కిందదాకా ఒకే అంకె గీత గీసినట్టు దిగింది.

ఆమెకు వెంటనే అర్థమైంది. తేదీల అరలో కవలపిల్లల్లాంటి మాడ్యూళ్ళు రెండుండేవి. బోగీలకు గడువు నెలాఖరుదాకా లెక్క. గొలుసులకు అలా కాదు, పరీక్ష చేసిన రోజునుంచి సరిగ్గా ఆరు నెలలు, ఆ రోజు దాటకూడదు. చూడటానికి రెండు మాడ్యూళ్ళూ ఒక్కలాగే ఉంటాయి, చివర ఒక్క వరుస తేడా. అందుకే రెంటి నెత్తినా ఆమె రాసిపెట్టింది, ‘ఇవి ఒకటి కావు, కలపవద్దు, ఇది గొలుసులది’ అని. ఆ వరుస పోయింది. రెండో మాడ్యూల్ ఎక్కువైందనుకుని కృపారావు దాన్నీ తీసేశాడు.

ఆమె పోయిన వారం జాబితా తీసి పక్కన పెట్టుకుని చూసింది. పద్నాలుగో నంబరు గొలుసు గడువు ఏడో తేదీతో అయిపోయింది. అంటే నిన్నటితో. ఆ గొలుసు ఆర్థర్ పనిచేసే క్రేనుదే.

మైతీ బాబు ఇంకా రాలేదు. షాపు ఫోను ఎవరూ ఎత్తలేదు. స్వర్ణకుమారి చెప్పులు వేసుకుని, గొడుగు మరిచిపోయి, రెండు జాబితాలూ కొంగు కింద పెట్టుకుని వానలో నడిచింది. షాపులో బోగీ ఒకటి అప్పుడే గాలిలోకి లేస్తోంది. అక్కడ పని చూసే ఛార్జ్‌మన్ ఆమెను గీత అవతలే ఆగమన్నాడు. ఆమె ఆగలేదు. కాగితాలు రెండూ ఆయన చేతిలో పెట్టి, పద్నాలుగు నిన్నటితో అయిపోయింది, ఈ కొత్త కాగితం తప్పు, పాతది నమ్మండి అని హిందీలో ఒక్క గుక్కలో చెప్పింది. ఆయన పాతది చూశాడు, కొత్తది చూశాడు, చెయ్యెత్తి విజిల్ వేశాడు. బోగీ నెమ్మదిగా దిమ్మెల మీదికి దిగింది. కింద దూరడానికి సిద్ధంగా, స్పానరు పట్టుకుని ఒంగిన ఆర్థర్ నడుం ఎత్తి, తడిసిపోయి నిలబడ్డ భార్యను చూసి ఏమీ అర్థంకాక చేయి ఊపాడు.

గొలుసు విప్పి పరీక్షకు పంపారు. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఒక లంకె హద్దుకన్నా ఎక్కువ సాగి ఉంది.

మూడింటికి మైతీ బాబు మళ్ళీ అందరినీ నిలబెట్టాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. గొంతు మాత్రం పెంచలేదు. ఆ మాడ్యూల్ తీసింది ఎవరు అని అడిగాడు.

కృపారావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అతని చూపు ఎక్కడా ఆనలేదు. ఆ చూపు స్వర్ణకుమారికి తెలుసు. పద్నాలుగేళ్ళ కింద టూల్‌రూమ్ కిటికీ అద్దంలో తన మొహాన అదే చూసుకుంది. ఇన్నాళ్ళకి దేవుడు దారి చూపించాడనుకుంది. తవిటయ్య తనకు చేసింది తాను ఇతనికి చేస్తే సరిపోతుంది. ఆ రెండూ ఒకటి కావని నేను గట్టిగా చెప్పాల్సింది, తప్పు నాది అనాలి. ఒక అడుగు ముందుకి వేసింది. నోరు తెరిచింది.

“నేనే తీసినాను సార్,” అన్నాడు కృపారావు.

తెలుగులో అని, మళ్ళీ హిందీలో అన్నాడు. అక్క పేర్లు ఉంచమని చెప్పిందని, తాను నవ్వానని, రెండూ ఒకటే అనుకుని చదవకుండా తీసేశానని, ఒకదాని తరువాత ఒకటి చెప్పాడు. మాటలు ఎక్కడా ఆగలేదు. చెప్పడం అయిపోయింది. పైకప్పు విరిగిపడలేదు. మైతీ బాబు, వరుసలు తీయమన్నది నేను, అందులో సగం నాది అన్నాడు. కృపారావు చేయి బల్ల మీదనుంచి వచ్చేసింది. పెద్ద బరువు దించుకున్నవాడిలా భుజాలు కిందికి జారాయి.

స్వర్ణకుమారి వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. ఇంత సేపే పట్టింది అనుకుంది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు తాను పద్నాలుగేళ్ళు దాచుకుంది. ఇంకొకరి తప్పు మోయడానికి సంతోషంగా ముందుకు దూకిన మనిషి, తన తప్పు తాను చెప్పడానికి ఒక్కసారీ అడుగు వేయలేదు.

మైతీ బాబు ఆమె టెర్మినల్ దగ్గరికి వచ్చి, పాతవి ఎక్కడైనా మిగిలాయా దీదీ అని అడిగాడు. ఆమె సొరుగు తెరిచి ఫ్లాపీలు ఇచ్చింది. ఆయన తన కుర్చీ అక్కడికే లాక్కుని కూర్చుని, మాడ్యూళ్ళ నెత్తినున్న వరుసలు ఒక్కొక్కటే చదివాడు. పేర్లు, ప్రోగ్రాములు, తేదీలు. చాలాసేపు చదివాడు. చివరికి, ఉమ్మడి డైరెక్టరీలో ఇవి ఇలాగే ఉండాలి అన్నాడు. మూడు అరలు, ఈ వరుసలు, ఈ పేర్లు, ఒక్క అక్షరం తీయకుండా. ఇకనుంచి సెక్షన్‌లో ఎవరు ఏ మాడ్యూల్ రాసినా ఈ పద్ధతిలోనే రాయాలి. చోటు సంగతి తాను చూసుకుంటానన్నాడు. అన్నింటికన్నా పైన, పద్ధతి ఎవరిదో ఒక వరుస రాయమన్నాడు.

ఆమె రాసింది. మాడ్యూళ్ళు రాసినది స్వర్ణకుమారి. పద్ధతి టూల్‌రూమ్ తవిటయ్యది. మైతీ బాబు రెండో పేరు చూసి, ఈయన ఏ సెక్షన్ అని అడిగాడు. సోమవారం చెప్తాను దాదా, ముందు నేను ఒక చోటికి వెళ్ళి రావాలి అంది.

శనివారం సగం పూటే పని. పన్నెండున్నరకి ఆమె టూల్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడింది. ఇప్పుడు అక్కడున్న సూపర్‌వైజరు కొత్తవాడు. నూట పన్నెండో మేకు గేజి పోగొట్టింది తవిటయ్య కాదని, తానని, బిళ్ళ పుచ్చుకోకుండా చేతికిచ్చేసిందని చెప్పింది. ఆయన ముందు నమ్మలేదు, తరువాత నవ్వాడు, ఆమె నవ్వకపోయేసరికి మానేశాడు. చెదలు పట్టిన రిజిస్టరు వెతికి తీయించాడు. ఎనభై ఒకటో సంవత్సరం పేజీలో తవిటయ్య పేరు పక్కన ఆమె తన చేత్తో రాసి, సంతకం చేసి, ఆ రోజు తేదీ వేసింది. మేకునుంచి బిళ్ళ తీస్తే దాని వెనక గోడ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ ఉంది. రిటైరైన మనిషి బిళ్ళతో మాకేం పని, తీసుకెళ్ళమన్నాడు సూపర్‌వైజరు.

ఝపటాపూర్‌లో తవిటయ్య వరండాలో కూర్చుని నులక మంచం బిగిస్తున్నాడు. డెబ్బై దగ్గరపడినా ముడి వేసే చేయి వణకదు.

“క్రిస్మస్ అప్పుడే వచ్చేసినాదేటమ్మా?” అన్నాడు ఆమెను చూసి.

ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి బిళ్ళ ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళద్దాలు దించుకుని నంబరు చదివాడు. బొటనవేలితో ఒకసారి రుద్దాడు.

“గేజి దొరికిందేటి?”

“లేదు బాబాయి. పోగొట్టింది నేనని రిజిస్టరులో రాసినాను. నీ పేరు పక్కనే రాసినాను.”

“ఇప్పుడెవలడిగినారమ్మా నిన్ను?”

“ఎవలూ అడగలేదు.”

నులక కొస తవిటయ్య చేతిలోంచి జారి మంచం పట్టె మీద పడింది. లోపలికి చూసి భార్యను పిలిచాడు. అప్పలనర్సమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“సూడే, ఆరూ లెక్క సరిపోయినాయి,” అన్నాడు ఆమెతో. ఇరవై ఏడేళ్ళన్న మాట ఆయన అనలేదు, అయినా వెన్ను నిటారైంది. స్వర్ణకుమారి వైపు తిరిగాడు. పాత టూల్‌రూమ్ మనిషి చూపు అది. “మరి ఆ మేకు ఖాళీగా ఒగ్గేసి వచ్చినావేటి?”

“లేదు బాబాయి. మా కంప్యూటర్ పాత పంచ్‌కార్డు అట్టముక్క మీద నా నంబరు రాసి, దారం కట్టి తగిలించినాను.”

తవిటయ్య తల ఊపాడు. బిళ్ళను చొక్కా పైజేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టి చూసుకుని, జారిన నులక కొస మళ్ళీ అందుకున్నాడు.

“ఆ కొస పట్టుకోమ్మా,” అన్నాడు. “బిగువుగా పట్టు.”